టిల్లర్ ఇంజన్‌కి చవక బోరు కిట్టు: బిగించక ముందే చూసుకోవాల్సినవి

ఈ వారం పాఠం పురుగు గురించి కాదు, టిల్లర్ గురించి.

కొమ్మ కోసినాక తోట దున్నడానికి మనకు దొరికేది వారం, పది దినాలే. చిగురు పెరిగినాక సాళ్లలో టిల్లర్ పోనిస్తే కొమ్మలు విరుగుతాయి. పోయిన ఏడు సరిగ్గా ఆ దినాల్లోనే నా టిల్లర్ నీలం పొగ వదిలింది. నెల ముందే చవక కిట్టు వేయించింటి. విప్పి చూస్తే లైనర్ నిండా గీతలు. దున్నకం తప్పింది, ఆకు పలచబడింది, 200 మొట్టెలు పెట్టాల్సినవాణ్ణి 120తో సరిపెట్టుకుంటి.

కంపెనీది కాని సామాను అంతా చెడ్డదని నేను చెప్పను. బాగుండేదీ ఉంది. కానీ డబ్బా మీద అచ్చు చూసి నమ్మొద్దు, కొలిచి నమ్మండి.

ముందు రింగులు. అసలు మోసం ఇక్కడే. ఒక్కో రింగును కొత్త లైనర్‌లో పెట్టి, పిస్టన్ తలతో నెట్టి సమంగా కూర్చోబెట్టండి. వెనక టార్చి పెట్టి చూడండి. రింగుకీ లైనర్‌కీ మధ్య వెలుతురు కనబడితే ఆ రింగు గుండ్రంగా లేదు, వద్దు. తర్వాత రింగు మూతుల సందులో ఫిల్లర్ గేజీ దూర్చండి. 100 మి.మీ. బోరుకు 0.3 నుంచి 0.4 మి.మీ. అనేది మోటు లెక్క. మీ బండి మాన్యువల్లో ఉండేదే ఖాయం. సందు మరీ తక్కువైతే వేడికి మూతులు తగులుకొని లైనర్ గీసుకుపోతుంది (నాకు జరిగింది ఇదే). ఎక్కువైతే ఆయిల్ తాగుతుంది. ఫిల్లర్ గేజీ ఖరీదు పెద్దది కాదు, ఊర్లో నలుగురికి ఒకటి చాలు.

పిస్టన్‌కి ఒక సులువు ఉంది. పాత పిస్టన్ తల మీది మసి గీకేసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి రెండింటికీ ఒకే పిన్ను దూర్చండి. తలలు రెండూ సమంగా నిలవాలి. కొత్తది ఎత్తుంటే హెడ్డుకు కొట్టుకోవచ్చు, తగ్గుంటే కంప్రెషన్ రాదు. నూనె పూసిన పిన్ను బొటనవేలితో నెడితే మెల్లగా పోవాలి, దానంతట అదే జారిపడితే వదులు. కొన్ని పిస్టన్లు వేడినీళ్లలో పెడితేనే పిన్ను పోతుంది, అది లోపం కాదు.

కనెక్టింగ్ రాడ్డులో బేరింగు షెల్లు కూర్చోబెట్టినప్పుడు దాని అంచులు రాడ్డు ముఖం కన్నా వెంట్రుకవాసి పైకి ఉండాలి. సమంగానో, లోపలికో ఉంటే బిగించినా పట్టు దొరకదు, షెల్లు తిరిగిపోతుంది. పైకి ఉన్న అంచును ఆకురాయితో రుద్దే మేస్త్రీలు ఉన్నారు. రుద్దనీయొద్దు.

లైనర్ లోపలి కొలత పైన, నడుమ, కింద లేతు షాపులో బోరు గేజీతో చూపించండి. వెర్నియర్‌తో ఇది తేలదు.

డబ్బు మిగిలించుకోవాలంటే మడ్‌గార్డు, హ్యాండిల్ పిడి లాంటి వాటిలో మిగిలించుకోండి. ఎయిర్ క్లీనర్‌లో మాత్రం వద్దు, ఎర్రమట్టి దుమ్ము మంచి రింగులను కూడా తినేస్తుంది.

బిగించినాక ఏ అంగడివాడూ సామాను వాపసు తీసుకోడు. అందుకే కొమ్మ కోతకు పదైదు దినాల ముందే కిట్టు తెచ్చి, బిల్లు దాచిపెట్టి, ఇంట్లోనే ఇవన్నీ చూసుకోండి.