యంత్రము ఏల మందగించెను?

ఓరుగల్లు వేసవి మిక్కిలి తీవ్రమైనది. మే మాసమున మధ్యాహ్నవేళ ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియసును దాటుట అచట సామాన్యము. అట్టి ఎండలో బరువులు మోయు కూలీలు నడక తగ్గింతురు. నీడపట్టున కొంతసేపు నిలుతురు. అది సోమరితనము కాదు, ప్రాణరక్షణము. కంప్యూటరునకు మెదడువంటిదైన ప్రాసెసరు కూడ ఇట్లే ప్రవర్తించును. ఈ సంగతి నెఱుగనివారు మందగించిన ల్యాప్‌టాపును చూచి, అది పనికిరానిదైనదని తలంచి, వేలకొలది రూపాయలు వెచ్చించి క్రొత్తదానిని కొనుచుందురు.

1959వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన పండిత జవహర్‌లాల్ నెహ్రూ ఈ నగరమున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన గావించిరి. అది 2002లో జాతీయ సాంకేతిక సంస్థగా రూపొందినది. నేడు ల్యాప్‌టాపు అట్టి విద్యాలయములందే గాక, దుకాణములలో లెక్కలు వ్రాయువారికిని, ఇండ్లలో పరీక్షలకు చదువుకొనువారికిని నిత్యావసరమైన పనిముట్టు. గావున దాని వేగము ఏల తగ్గునో తెలిసికొనుట అందఱికిని మేలు.

ప్రాసెసరు ఒక చిన్న సిలికాను పలక. దానియందు ట్రాన్సిస్టరులను అతి సూక్ష్మమైన మీటలుండును. 1971లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 అను ప్రాసెసరులో ఇవి సుమారు 2,300 మాత్రమే. నేటి ప్రాసెసరులలో వీని సంఖ్య వందలకోట్లకు చేరినది. ఈ మీటలు ఒక గడియారపు లయను అనుసరించి పనిచేయును. ఆ లయను గిగాహెర్ట్జులలో కొలుతురు. ఒక గిగాహెర్ట్జు అనగా సెకనునకు నూరుకోట్ల పర్యాయములు. మీటలు మాఱినపుడెల్ల కొంత విద్యుత్తు వ్యయమై వేడిమిగా మాఱును. వేగము పెరిగినకొలది వేడిమియు పెరుగును. వోల్టేజి రెట్టింపైనచో, వేగము మాఱకున్నను, ఈ వేడిమి నాలుగు రెట్లగును.

ఈ వేడిమియే ప్రాసెసరుల చరిత్రను మలుపు త్రిప్పినది. 2004లో ఇంటెల్ సంస్థ 4 గిగాహెర్ట్జుల పెంటియమ్ 4 ప్రాసెసరును విడుదల చేయవలెనను సంకల్పమును విడిచిపెట్టెను. పిమ్మట నిర్మాతలు వేగమును మాత్రమే పెంచుటకు బదులు, ఒకే పలకపై రెండు, నాలుగు, ఎనిమిది విభాగములను అమర్చి పనిని పంచియిచ్చు మార్గమును అనుసరించిరి.

వేడిమి మితిమీఱినచో ఏమగును? 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అను పత్రికవారు దీనిని పరీక్షించి చూపిరి. కంప్యూటరు పనిచేయుచుండగనే ప్రాసెసరుపైనున్న చల్లబఱచు లోహపు దిమ్మెను తొలగించిరి. ఏఎండీ సంస్థవారి అథ్లాన్ ప్రాసెసరు కొలదిక్షణములలోనే కాలిపోయెను. పెంటియమ్ 4 మాత్రము తన వేగమును తానే తగ్గించుకొని పనిని కొనసాగించెను. నేటి ల్యాప్‌టాపు ప్రాసెసరులన్నిటియందును ఇట్టి రక్షణ కలదు. వానిలో పెక్కు ఉష్ణోగ్రత 100 డిగ్రీల ప్రాంతమునకు చేరగనే వేగమును తగ్గించుకొనును. కనుక మందగించుట అన్నివేళల రోగము కాదు. ఒక్కొక్కప్పుడు అది రోగమును తెలుపు లక్షణము.

వేసవిలో ఈ లక్షణము అధికముగా కనబడుటకు కారణమును చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. ప్రాసెసరు 95 డిగ్రీలవద్ద నున్నదనుకొందము. శీతకాలమున గది 20 డిగ్రీలైనచో, రెంటికిని నడుమ భేదము 75 డిగ్రీలు. వేసవిలో గది 42 డిగ్రీలైనచో భేదము 53 డిగ్రీలే. గాలి కొనిపోవు వేడిమి ఇంచుమించుగా ఈ భేదముననుసరించియుండును. అనగా అదే ఫ్యాను వేసవిలో పదింట ఏడు వంతుల వేడిమిని మాత్రమే వెలికి పంపగలదు.

ఇక దోషమును కనుగొను విధానమును చూతము. ఎనుమాముల మార్కెట్టు ప్రత్తికిని మిరపకును పేరొందినది. అచట ప్రత్తి వ్యాపారియొద్ద గుమాస్తాగా నున్న యొకనికి ఒక ల్యాప్‌టాపు కలదనుకొందము. పగలు అతడు దానిపై లెక్కలు వ్రాయును. రాత్రి అతని కుమార్తె దానిపై చదువుకొనును. పరీక్షలు సమీపించిన వేళ అది మందగించినది. క్రొత్తది కొనవలెనన్న తండ్రి అప్పు చేయవలసియుండును. అప్పుచేయుటకు పూర్వము ఆ బాలిక కొన్ని ప్రశ్నలకు సమాధానము వెదకవలెను.

మొదటి ప్రశ్న: యంత్రము ఎప్పుడు మందగించుచున్నది? తెఱచినది మొదలు మందముగనే యున్నదా, లేక అరగంట పనిచేసిన పిమ్మటనా? ఉదయమున చక్కగా నుండి మధ్యాహ్నమున మందగించినచో వేడిమిని అనుమానింపవలెను. బ్యాటరీపై మాత్రమే మందగించినచో విద్యుత్తును అనుమానింపవలెను.

రెండవ ప్రశ్న: పని యెవరిది? విండోసు కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒక్కమాఱు నొక్కినచో టాస్క్ మేనేజరు తెఱచుకొనును. ఏ ప్రోగ్రాము ప్రాసెసరును ఎంతశాతము వినియోగించుచున్నదో అందు కనబడును. అక్కఱలేని ప్రోగ్రాము ఒకటి అంతయు ఆక్రమించినచో దానిని ఆపవలెను. అది ఎఱుగనిదైనచో వైరసు పరీక్ష చేయవలెను. ప్రాసెసరు ఖాళీగానుండి మెమొరీ నిండియున్నచో దోషము ప్రాసెసరుది కాదు. అపుడు మెమొరీని పెంచుట ఉచితము, యంత్రమును మార్చనక్కఱలేదు.

మూడవ ప్రశ్న: వేగము ఎంత? అదే టాస్క్ మేనేజరులో వేగమును గిగాహెర్ట్జులలో చూడవచ్చును. మూలవేగము 2.4 గిగాహెర్ట్జులుగా గల ప్రాసెసరు, బరువైన పని చేయునపుడు కూడ 0.8 వద్దనే నిలిచియున్నచో, దానిని ఏదియో వెనుకకు లాగుచున్నదని నిశ్చయింపవచ్చును. విద్యుత్తును పొదుపుచేయు అమరిక యున్నదేమో చూడవలెను. చార్జరుపై వ్రాసియున్న వాట్లను కూడ చదువవలెను. 65 వాట్లు కోరు యంత్రమునకు 45 వాట్ల చార్జరును తగిలించినచో కొన్ని ల్యాప్‌టాపులు వేగమును తగ్గించుకొనును.

నాలుగవ ప్రశ్న: వేడిమి ఎంత? ఉష్ణోగ్రతను చూపు ప్రోగ్రాములు కలవు. అది 100 డిగ్రీల దరిదాపులనున్నచో గాలి మార్గమును పరీక్షింపవలెను. పఱుపుపై ఉంచినచో అడుగున గాలి రంధ్రములు మూసికొనును. గట్టి బల్లపై ఉంచి వెనుకభాగమును కొంచెము ఎత్తవలెను. గుమాస్తాగారి యంత్రమున శీతకాలమంతయు ప్రత్తి నూగు చేరియుండుట సంభవమే. దానిని తొలగించుటకు ముందు యంత్రమును ఆపి, చార్జరును తీసి, చల్లాఱనీయవలెను. గాలి ఊదునపుడు ఫ్యాను రెక్కలు తిరుగకుండ పట్టుకొనవలెను. ప్రాసెసరునకును లోహమునకును నడుమ పూసిన లేపనము ఏండ్లు గడచి ఎండిపోయినచో, దానిని అనుభవజ్ఞునిచే మార్పింపవలెను.

ఈ పనులన్నియు ఒక్కసారి చేయరాదు. ఒకటి చేసి, మునుపటి పనినే అంతసేపు మరల చేయించి, వేగమును ఉష్ణోగ్రతను కాగితముపై వ్రాసికొనవలెను. అట్లుగాక అన్నియు ఒకేమాఱు మార్చినచో, ఏది మేలు చేసెనో తెలియదు. దోషము మరల వచ్చినపుడు తిరిగి మొదటినుండి వెదకవలసివచ్చును. అన్నియు పరీక్షించిన పిమ్మట గూడ వేగము చాలకున్నచో, అపుడు క్రొత్త యంత్రమును గూర్చి యోచించుట న్యాయము. అపుడు చేయు వ్యయము ఊహపై గాక నిదర్శనముపై ఆధారపడియుండును.

కాకతీయులు త్రవ్వించిన చెఱువులలో పూడిక చేరినపుడు వానిలో నిలుచు నీరు తగ్గెను. అందులకై చెఱువులను విడిచిపెట్టలేదు. తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ పేర పూడికతీతను చేపట్టినది. చెఱువునకు పూడిక యెట్టిదో, గాలి మార్గమునకు ధూళి అట్టిది. ఉన్నదానిని కారణమెఱిగి బాగుచేసికొనుట ధనమును కాపాడును. పాఱవేసిన యంత్రముల గుట్టలను తగ్గించును. అన్నిటికంటె మిన్నగా మనుష్యునకు విచారించి నిర్ణయించు అలవాటును నేర్పును.

ప్రశ్నలు

1. ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనుట ఏల మేలు?
2. శీతకాలముకంటె వేసవిలో ఫ్యాను తక్కువ వేడిమిని కొనిపోవుటకు కారణమేమి?
3. మందగించిన ల్యాప్‌టాపును పరీక్షించునపుడు వేసికొనవలసిన నాలుగు ప్రశ్నలను వ్రాయుము.
4. ఒక్కసారికి ఒక్క మార్పునే ఏల చేయవలెను?