కొత్తవారికి అనువైన కంప్యూటరు తెర
రైతు సేవా కేంద్రములలో వెంటనే చేయదగిన మార్పులు

విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజి తలుపులెత్తినంత మాత్రమున శివారు చేనికి నీరు రాదు. ప్రధాన కాలువ, పిల్ల కాలువ, చివరకు పంటబోదె ఇవన్నియు పూడిక లేకుండ ఉన్నప్పుడే నీరు మడిలోనికి చేరును. గ్రామములకు వచ్చిన కంప్యూటరు సంగతియు ఇట్టిదే. యంత్రమున్నది, కరెంటున్నది, ఇంటర్నెట్టు ఉన్నది. అయినను రైతు దాని ముందు కూర్చుండి, తన సర్వే నంబరుకెదురుగా ఏ పంట, ఎంత విస్తీర్ణము వ్రాయబడినదో తానే చూచుకొనుట అరుదు. పూడిక చివరి బోదెలో, అనగా కంప్యూటరు తెర మీదనే ఉన్నది.

ఇది చిన్న చిక్కు కాదు. ఈ-పంట నమోదులో వరికి బదులు మరియొక పంట పడినను, రెండెకరములు ఒక ఎకరముగా పడినను, ఆ తప్పు కోతల తరువాతగాని బయటపడకపోవచ్చును. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపమున తీరము దాటిన మిగ్‌జాం వంటి తుఫాను వచ్చి పనలు నీట మునిగినప్పుడు, నష్టము లెక్కకైనను, ధాన్యము అమ్మకమునకైనను ఆ నమోదే ఆధారము. తప్పును ముందుగా పట్టగలవాడు ఆ పొలము దున్నినవాడే. కౌలు రైతుకు ఇది మరింత ముఖ్యము. చూచుకొనుట చేతకాని రైతు ఆధార్ సంఖ్యను, ఫోనుకు వచ్చిన ఓటీపీని పక్కవాని చేతిలో పెట్టుచున్నాడు. ఇది ఇంటి తాళపుచెవి ఇచ్చుటతో సమానము.

‘మావాళ్లకు కంప్యూటరు ఎక్కడ వచ్చునండీ!’ అను మాట తరచు వినుచుందుము. నేనీ మాట ఒప్పుకొనను. ఎరువు బస్తా మీది అంకెలు చూచి నత్రజని ఎంత, భాస్వరము ఎంత అని లెక్కకట్టు రైతుకు మూడు బొమ్మలు గుర్తుంచుకొనుట కష్టము కాదు. తెర మీద నలుబది బొమ్మలుండి, వాటి క్రింద ఇంగ్లీషు పేర్లుండుటయే కష్టము.

విండోస్, లినక్స్ వంటివానిని ఆపరేటింగ్ సిస్టములందురు. యంత్రమునకు, మనిషికి నడుమనుండి పనులు జరిపించు ప్రధాన ప్రోగ్రాములివి. వీనిలో మొదట ‘రైతు’ అను పేరుతో వేరుగా ఒక ఖాతా తెరువవలెను. దానికి సాధారణ వాడుకరి హక్కులే ఇవ్వవలెను గాని, యజమాని హక్కులు ఇవ్వరాదు. అప్పుడు కొత్తవాడు ఏది నొక్కినను కార్యాలయపు ప్రోగ్రాములు చెడవు. ‘ఏమి పాడగునో’ అను భయమే సగము మందిని దూరముగా నిలబెట్టుచున్నది. ఆ ఖాతా తెర మీద అడంగల్ చూచుటకు మీభూమి, పంట జాబితా, వాతావరణము అను మూడింటినే ఉంచి, వాని పేర్లు తెలుగులోనికి మార్చవలెను. బ్రౌజరులో రహస్యపదములు దాచు సదుపాయమును ఆపివేయుట మరువరాదు. ఒకరి తరువాత ఒకరు కూర్చుండు యంత్రమిది.

ఇక నొక్కుట. కొడవలి పట్టిన చేతికి వెంటవెంటనే రెండుమార్లు నొక్కుట అలవాటు లేదు. రెండు నొక్కుల నడుమ మౌసు కదలి, బొమ్మ పక్కకు జరిగిపోవును. కొత్తవాడు మొదట విసుగు చెందునది ఇక్కడనే. విండోస్‌లో ఫోల్డర్ ఆప్షన్స్ తెరచి, ఒక్క నొక్కుతో తెరచుకొనునట్లు మార్చుకొనవచ్చును. ఇందుకు రెండు నిమిషములు చాలును. డిస్‌ప్లే సెట్టింగులలో స్కేలును 125 లేక 150 శాతమునకు పెంచినచో కళ్లద్దములు ఇంటివద్ద మరచి వచ్చిన పెద్దలును చదువగలరు.

తెర భాషను తెలుగునకు మార్చుటకు భాషల సెట్టింగులో తెలుగును చేర్చవలెను. మన దేశమున అమ్ముడగు యంత్రములలో పలువాటియందు ‘సింగిల్ లాంగ్వేజ్’ రకము విండోస్ ఉండును. దానిలో తెర భాష మారదు. అయినను తెలుగులో టైపు చేయుటకు అడ్డులేదు.

టైపునకు ఇన్‌స్క్రిప్టు పద్ధతి నేర్పుట మేలని నా అభిప్రాయము. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్సు శాఖ ప్రమాణముగా నిర్ణయించిన పద్ధతి ఇది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ వైపునను, హల్లులు అధికముగా కుడి వైపునను ఉండును. ‘వరి’ అనుటకు బి, జె, ఎఫ్ మీటలు మూడే. ‘పత్తి’కి హెచ్, ఎల్, డి, ఎల్, ఎఫ్, ఇందులో ‘డి’ మీట పొల్లు, దాని తరువాత వచ్చు హల్లు ఒత్తుగా మారును. ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయు పద్ధతి ఇంగ్లీషు చదివినవారికి సులువే. ఆ స్పెల్లింగు తెలియనివారికి ఇన్‌స్క్రిప్టే దగ్గర దారి.

పాత డి.టి.పి. అక్షరములతో తయారుచేసిన జాబితాలు ఆ అక్షరములు లేని యంత్రములో అర్థము కాని గుర్తులుగా కనబడును. కావున గ్రామ వ్యవసాయ సహాయకులు కొత్త జాబితాలను యూనికోడులోనే సిద్ధము చేయవలెను. ఫోల్డర్ల సంగతి పంటబోదెల వంటిదే. మలుపులు పెరిగినకొలది చివరకు చేరుట తగ్గును. గ్రామము పేరున ఒక ఫోల్డరు, అందులో ‘2025 ఖరీఫ్ వరి’ అను ఫైలు ఉన్న చాలును. ‘న్యూ ఫోల్డర్ 3’లో ఏమున్నదో దానిని చేసినవారికే జ్ఞాపకముండదు!

విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రములను మూలపడవేయక, సీడాక్ సంస్థ వారు తయారుచేసిన బాస్ లినక్సును పై అధికారుల అనుమతితో పరీక్షింపవచ్చును. అది ఉచితము, తెలుగులోను పనిచేయును.

నేర్పునప్పుడు మౌసు రైతు చేతిలోనే ఉండవలెను. మీరు చేసి చూపించినచో ఆయన చూచి వెళ్లును గాని చేయడు. ఆలస్యమైనను ఆయన వేలినే తడుముకొననిండు. మొదటి దినమున ఒక్క పని చాలును: తన గ్రామము ఎన్నుకొని, తన సర్వే నంబరు కొట్టి, అందలి విస్తీర్ణమును పట్టాదారు పుస్తకముతో పోల్చుకొనుట. తేడా కనబడినచో ఆ కాగితమును అచ్చువేసి, జాబితాపై అభ్యంతరములు తెలుపు గడువు దాటకముందే కేంద్రములో వ్రాతపూర్వకముగా అర్జీ ఇచ్చి, అందినట్లు సంతకము పుచ్చుకొనవలెను.