నక్షత్ర విద్య – విదేశ యానం

హైదరాబాదు నగరంలోని తార్నాక కూడలి రాత్రివేళ దీపకాంతులతో వెలిగిపోతూ ఉంటుంది. అక్కడ తలెత్తి చూస్తే కనిపించే నక్షత్రాలు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. అయితే ఆ కూడలిని ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే 1959లో ఖగోళశాస్త్ర విభాగం ఆరంభమైంది. 1964లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దానిని ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించింది. నక్షత్రాలను చదవాలనే కోరికతో ఆ ప్రాంగణానికి వచ్చే విద్యార్థి మనసులో ఒక ప్రశ్న తప్పక మెదులుతుంది. ఈ విద్యకు విదేశాలకు వెళ్ళడం అవసరమా? వెళితే ఎందుకు వెళ్ళాలి?

ఖగోళ భౌతికశాస్త్రం కేవలం నక్షత్రాల పేర్లు నేర్పే శాస్త్రం కాదు. నక్షత్రం ఎంత వేడిగా ఉంది, దేనితో ఏర్పడింది, ఎంత దూరాన ఉంది, ఎలా పుట్టి ఎలా నశిస్తుంది అనే విషయాలను అది విచారిస్తుంది. నక్షత్రాన్ని ప్రయోగశాలకు తీసుకొని రావడం అసాధ్యం. దాని నుంచి మనకు అందేది ప్రధానంగా వెలుగు. ఆ వెలుగును వర్ణపటంగా విడదీసి, అందులోని రేఖలను కొలిచి శాస్త్రజ్ఞుడు సమాధానాలు రాబడతాడు. అందువల్ల ఈ విద్యకు పునాది గణితం, భౌతికశాస్త్రం. ఇంటర్మీడియట్‌లో నేర్చిన కలనగణితం, కాంతిశాస్త్రం, గతిశాస్త్రం విశ్వవిద్యాలయంలో అడుగడుగునా అవసరమవుతాయి.

ఈ శాస్త్రం ఏ ఒక్క దేశపు హద్దులలోనూ ఇమిడేది కాదు. భూగోళం మీద ఒకచోట నిలబడినవారికి ఆకాశమంతా కనబడదు. హైదరాబాదులో ధ్రువనక్షత్రం క్షితిజానికి సుమారు 17 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఉన్న కేంబ్రిడ్జి పట్టణంలో అది 42 డిగ్రీల ఎత్తున నిలుస్తుంది. కాని, మనకు చలికాలపు రాత్రులలో దక్షిణాన ప్రకాశించే అగస్త్య నక్షత్రం అక్కడివారికి ఎన్నడూ ఉదయించదు. మరొక ఇబ్బంది కాలానికి సంబంధించినది. ఒక జంట నక్షత్రంలో ఒకటి మరొకదానిని సరిగా రోజుకొకసారి కప్పుతుందని అనుకుందాం. ఆ గ్రహణం మనకు మధ్యాహ్నం జరిగితే, మరునాడూ మధ్యాహ్నమే జరుగుతుంది. దానిని చూడగలిగేది ఆ సమయంలో రాత్రి అయిన దేశంవారే. కనుక ఒకరి పరిశీలనను మరొకరు పూరించుకోవడం ఈ శాస్త్రంలో మర్యాద మాత్రమే కాదు, అవసరం.

హైదరాబాదుకు ఈ సహకారం కొత్తది కాదు. 1901లో నవాబు జఫర్ జంగ్ ఫిసల్‌బండలో నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు తరలింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పాలనలోకి వచ్చింది. పారిస్‌లో 1887లో సంకల్పించిన ఆకాశ చిత్రపట నిర్మాణంలో, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు గల భాగాన్ని చిత్రించే బాధ్యత ఈ వేధశాల వహించింది. ప్రపంచంలోని అనేక వేధశాలలు ఆకాశాన్ని పంచుకొని చేసిన మహాకార్యమది.

ఆ వేధశాల ఉద్యోగి కుమారుడే వైను బప్పు. ఆయన 1927లో జన్మించారు. నిజాం కళాశాలలో చదివి, విద్యార్థి దశలోనే కాంతి మారే నక్షత్రాలను శ్రద్ధగా పరిశీలించారు. హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డ్‌కు వెళ్ళారు. అక్కడ 1949లో ఆయన ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు. బార్ట్ బోక్, గోర్డన్ న్యూకర్క్ అనే ఇద్దరితో పాటు ఆయన పేరు కూడా దానికి స్థిరపడింది. తరువాత అమెరికాలోనే ఓలిన్ విల్సన్‌తో కలిసి చేసిన పరిశోధన ఫలితం 1957లో వెలువడింది. చల్లని నక్షత్రాల వర్ణపటంలో ఒక కాల్షియం రేఖ నడుమ కనిపించే ప్రకాశ రేఖ వెడల్పును బట్టి ఆ నక్షత్రపు నిజమైన ప్రకాశాన్ని తెలుసుకోవచ్చునని వారు నిరూపించారు. నిజ ప్రకాశం తెలిస్తే దూరం తెలుస్తుంది.

అంతటి కీర్తి లభించినా బప్పు విదేశంలో స్థిరపడలేదు. 1953లో స్వదేశానికి తిరిగివచ్చి, 1960లో కొడైకెనాల్ వేధశాల సంచాలకులయ్యారు. తమిళనాడులోని కావలూరులో కొత్త వేధశాలను నిర్మించారు. అది 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉండడం వల్ల దక్షిణాకాశంలో అధిక భాగం అక్కడి నుంచి కనిపిస్తుంది. ఆయన 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులుగా ఎన్నికై, 1982లో కన్నుమూశారు. స్వదేశంలోనే నిర్మించిన 2.34 మీటర్ల దూరదర్శినికి 1986లో ఆయన పేరు పెట్టారు.

ఉస్మానియాలో ఇటువంటి సేవ చేసినవారు ఆచార్య కె.డి. అభ్యంకర్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో పరిశోధన చేసి వచ్చిన ఆయన ఇక్కడ దశాబ్దాలపాటు బోధించారు. తాను నేర్చినదానిని భారతీయ విద్యార్థుల కోసం ఖగోళ భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథంగా రచించారు. నగరానికి దూరంగా జపాల్–రంగాపూర్‌లో విశ్వవిద్యాలయం 48 అంగుళాల దూరదర్శినిని ప్రతిష్ఠించింది. 1980 ఫిబ్రవరి 16న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు.

నేడు కొన్ని విదేశీ విశ్వవిద్యాలయాలు పట్టభద్ర విద్యలోనే ఒక సంవత్సరం మరొక దేశంలో చదివే ఏర్పాటు చేస్తున్నాయి. మన విద్యార్థులు ఎక్కువగా స్నాతకోత్తర విద్య తరువాత, ఉపకార వేతనాలతో వెళుతున్నారు. అందరికీ ఆ అవకాశం లభించదు. లభించినవారికి అది సులభమూ కాదు. ఖర్చు, ఒంటరితనం, భాష, కొత్త బోధనా పద్ధతి పరీక్షలవుతాయి. పునాది బలహీనంగా ఉన్నవారికి పెద్ద దూరదర్శిని కూడా దారి చూపలేదు. హార్వర్డ్ బప్పుకు గొప్ప పరికరాలను ఇచ్చింది. చూసే కంటిని మాత్రం ఆయన హైదరాబాదులోనే సిద్ధం చేసుకున్నారు.

విదేశయానం ఘనతకు చిహ్నం కారాదు. అక్కడ నేర్చిన పద్ధతి, అలవడిన క్రమశిక్షణ, కుదిరిన స్నేహం తరువాతి విద్యార్థికి దారి కావాలి. తిరిగివచ్చినవారు ఒక వేధశాలను నిర్మించవచ్చు, ఒక గ్రంథాన్ని రచించవచ్చు, ఒక తరగతిని తీర్చిదిద్దవచ్చు. అక్కడే ఉండిపోయినవారు సైతం తమ పరిశోధనలో ఇక్కడి విద్యార్థులకు చోటు కల్పించవచ్చు. అలా పంచినప్పుడే ఒకరు సంపాదించిన విద్య పదిమంది సొత్తవుతుంది.

అభ్యాసం
1. ఖగోళ భౌతికశాస్త్రంలో దేశాల మధ్య సహకారం ఎందుకు అవసరమో సోదాహరణంగా వివరించండి.
2. వైను బప్పు జీవితం ద్వారా విద్యార్థులు గ్రహించవలసిన విషయాలేమిటి?
3. “చూసే కంటిని మాత్రం ఆయన హైదరాబాదులోనే సిద్ధం చేసుకున్నారు” – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.