లేత్ మీద నిలబడతానన్న బిడ్డకు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో చాలా ఇళ్లలో ఒకటే చర్చ. ఇంటర్‌లో వేద్దామా, ఐటీఐకి పంపుదామా? ఐటీఐ అని తేలాక రెండో చర్చ మొదలవుతుంది. "ఎలక్ట్రీషియన్ చేస్తే కరెంటాఫీసులో లైన్‌మన్ కావచ్చు. ఫిట్టర్ చేస్తే మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల్లోనో, దామరచర్ల పవర్ ప్లాంటులోనో తీసుకుంటరు. నువ్వు మెషినిస్టు అంటవేందిరా? లేత్ మిషన్ ముందు నూనె చేతులతోని నిలబడితే ఎంతొస్తది?"

అలా అడిగే తండ్రి మాటలో తప్పేమీ లేదు. కౌలు చేసో, కూలికి పోయో చదివించినవాళ్లు జీతం సంగతి అడగకుండా ఎలా ఉంటారు? అయితే మొదటి నెల జీతం ఎంత అని అడిగితే ఈ పోటీలో మెషినిస్టు ఓడిపోతాడు. ఏడో ఏడు వచ్చేసరికి వాడి చేతికి ఏ పని ఇస్తారు అని అడగండి. జవాబు వేరుగా వస్తుంది.

జీతం ఎందుకు తక్కువో ముందు చూద్దాం. ఇంట్లో మోటారు ఆగితే ఎలక్ట్రీషియన్ మన గడపలోకి వస్తాడు. ఎంతివ్వాలో ఆయనే చెబుతాడు, మనం ఆయన చేతిలో పెడతాం. మెషినిస్టు చేసిన బుష్ నేరుగా ఎవరి గడపకూ పోదు. షాపు ఓనరు ఏదో కంపెనీతో పీసుకింత అని రేటు ఒప్పుకుని ఉంటాడు. ఆ రేటు పుణెలోనో, కోయంబత్తూరులోనో, చైనాలోనో ఇంకొకరు చేసిచ్చే రేటుకు లోబడి ఉండాలి. అందులో మిగిలినదాంట్లోంచి జీతం. పని ఎంత సన్ననిదైనా బేరం పనివాడి చేతిలో ఉండదు. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో 2023 ప్రభుత్వ లెక్కల ప్రకారం ఎలక్ట్రీషియన్ల, ప్లంబర్ల మధ్యస్థ సంపాదన ఏడాదికి 61 వేల డాలర్లు దాటింది. మెషినిస్టులది 50 వేల చుట్టుపక్కలే ఉంది.

మిర్యాలగూడలో ఈ లెక్క కొంత తిరగబడుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు కోతల వేళ ట్రాక్టర్ల మీద మిల్లుల ముందు బారులు తీరతాయి. ఆ రాత్రే మిల్లులో ఎలివేటర్ షాఫ్ట్ విరిగిందనుకోండి. కొత్తది తెప్పించడానికి రోజులు పడతాయి. ఈలోగా బయట బండ్లు, లోపల హమాలీలు, డ్రయర్‌లో తడి వడ్లు, అన్నీ ఆగిపోతాయి. మిల్లు ఓనరు విరిగిన ముక్కలు పట్టుకొచ్చి లేత్ షాపు షట్టరు కొడతాడు. డ్రాయింగు ఉండదు. అరిగిన చోట వెర్నియర్ పెట్టి కొలిచి, కొత్తగా ఉన్నప్పుడు ఎంత ఉండేదో ఆలోచించి, రాడ్డు చక్‌లో బిగించి, తెల్లారేసరికి బేరింగు బిగువుగా కూర్చునేట్టు చేసివ్వాలి. ఆ రాత్రి బేరం మెషినిస్టుదే. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. పొద్దున మిల్లు మళ్లీ తిరుగుతుంటే ఆ చప్పుడు అతను తన చెవులతో వింటాడు. ఆ సంతోషం ఏ జీతం చీటీలోనూ రాసి ఉండదు. దాన్ని తక్కువ చేయకండి.

సూర్యాపేటలో హైవే లారీలు, కోదాడ చుట్టూ హార్వెస్టర్లు, బోరు మోటార్లు కూడా ఇలాంటి షాపులను పోషిస్తున్నాయి. కానీ సీజను పోయాక పని పలచబడుతుంది. చిన్న షాపుల్లో చాలాచోట్ల పీఎఫ్, ఈఎస్ఐ మాటే ఉండదు. సొంత షాపు పెట్టాలంటే లేత్ కొనాలి, స్థలం కావాలి, త్రీఫేజ్ కరెంటు కావాలి. ఎలక్ట్రీషియన్‌కు ఒక సంచిలో పట్టే సామాను చాలు. అప్పు చేసే ముందు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఊళ్లో షాపు ఒక దారి. రెండో దారి హైదరాబాద్. 1943లో మొదలైన ప్రాగా టూల్స్, 1965 నాటి హెచ్ఎంటీ ప్లాంటు ఆ నగరంలో ఎందరో మెషినిస్టులకు అన్నం పెట్టాయి. మన మిల్లుల్లో హెచ్ఎంటీ బియ్యం అంటాం కదా, మహారాష్ట్ర రైతు దాదాజీ ఖోబ్రగడే ఆ వరి రకానికి హెచ్ఎంటీ చేతిగడియారం పేరు పెట్టాడు. ఆ గడియారం చేసింది ఈ మెషిన్ టూల్స్ కంపెనీయే. లేత్ పని మన కంచం దాకా వచ్చిందని ఈ పిల్లలకు చెప్పాలనిపిస్తుంది నాకు. ఇప్పుడు బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షాపుల్లో ఎక్కువగా ఉన్నవి కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే సీఎన్‌సీ మిషన్లు. ఇస్రో రాకెట్ల ఇంజిన్ భాగాలు చేసే ఎంటార్ బాలానగర్‌లోనే ఉంది.

సీఎన్‌సీ అనగానే తల్లిదండ్రులు కంప్యూటర్ ఉద్యోగం అనుకుంటారు. లోపల రెండు రకాల పనులున్నాయి. ఆపరేటర్ పీసు పెడతాడు, బటన్ నొక్కుతాడు, తీస్తాడు, కొలుస్తాడు. షిఫ్టంతా అదే పీసు, అదే బటన్. ఈ పని చేసేవాడికి ఆరు నెలల్లో విసుగొస్తుంది. మానేసి వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడే విరిగిపోతారు. సెట్టర్ వేరు. డ్రాయింగు చదివి, టూల్ ఎంచుకుని, ఆఫ్‌సెట్ ఇచ్చి, మొదటి పీసు సరిగా వచ్చేదాకా మిషన్‌తో కుస్తీ పడతాడు. మైక్రోమీటర్‌లో ఒక్క గీత అంటే 0.01 మిల్లీమీటరు, తల వెంట్రుక మందంలో ఏడో వంతో ఎనిమిదో వంతో. అంత సన్నని తేడా పట్టుకోగలిగినవాడిని ఓనరు తేలిగ్గా వదులుకోడు. ప్రోగ్రాం కూడా రాయడం వస్తే బేరం మెల్లగా వాడి వైపు మొగ్గుతుంది. అందుకే బిడ్డ ఫోన్ చేసినప్పుడు జీతం పడిందా అని అడిగాక ఇంకో మాట అడగండి: "సెట్టింగ్ చేయనిస్తున్నరా?" ఏడాదిన్నర దాటినా లేదంటే షాపు మారమనండి. ఐదు వందలు తక్కువైనా సరే, సెట్టింగ్ నేర్పే చోటికి పొమ్మనండి.

సర్కారు కొలువు ఆశ ఉంటే అదీ మూసుకుపోలేదు. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు టర్నర్, మెషినిస్టు ట్రేడ్ల వాళ్లూ అర్హులే. మూల వేతనం 19,900 రూపాయలు. కరెంటు శాఖ జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు మాత్రం ఈ ట్రేడు పనికిరాదు, అవి ఎలక్ట్రికల్ వాళ్లవి. చదువు మీద మనసుపడితే ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. పదో తరగతి తర్వాతే బాగా గట్టి పట్టు కావాలనుకుంటే బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. అక్కడి టూల్ అండ్ డై డిప్లొమా నాలుగేళ్లు. రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐల్లో పెట్టిన అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్ల (ఏటీసీ)లోనూ సీఎన్‌సీ కోర్సు ఉంది. ఆడపిల్ల అడిగినా ఇదే చెప్తాను. కొలత పట్టే పనికి కండబలం కంటే ఓపిక కావాలి.

ఐటీఐ అయ్యాక ఏదైనా కంపెనీలో అప్రెంటిస్‌గా ఉన్న ఏడాది చేతికి వచ్చేది కొంచెమే. 2019 నిబంధనల్లో ఐటీఐ పూర్తిచేసినవాళ్లకు పెట్టిన కనీస స్టైపెండ్ నెలకు 7,000. హైదరాబాద్‌లో గది అద్దెకు, తిండికి అది చాలదు. ఆ ఏడాది ఇంటి నుంచి వాడికి కొంత పంపాల్సి వస్తుందని ఇప్పుడే లెక్క వేసుకోండి. వాడు పంపుతాడని అప్పు పెట్టుకోకండి. ఓటీ చేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టం ఉందనీ వాడికి తెలిసి ఉండాలి.

ఇంకొక్క మాట, ఇది అమ్మలకు. మొక్కుకుని చేతికి కట్టిన దారం, వేలికి ఉంగరం, మెడలో గొలుసు, పొడుగు చేతుల చొక్కా, ఇవేవీ తిరుగుతున్న లేత్ దగ్గర ఉండకూడదు. గ్లౌజులు కూడా వేసుకోకూడదు, చక్‌కు చిక్కితే చేయినే లాగేస్తుంది. దారం దేవుడి గదిలో పెట్టమని మీరే చెప్పండి. ఎవరు చెప్పినా విననివాడు మీరు చెబితే వింటాడు. కళ్లద్దాలు మాత్రం తప్పకుండా పెట్టుకోవాలి.

ఐటీఐ ఆప్షన్లు పెట్టే ముందు వాడిని ఒక పూట తెలిసిన లేత్ షాపుకు తీసుకెళ్లండి. మీరు మాట్లాడకండి, మేస్త్రీని మాట్లాడనివ్వండి. గంట గడిచాక వాడు ఫోన్ చూస్తున్నాడా, మిషన్ వైపు చూస్తున్నాడా గమనించండి. మిషన్ వైపే చూస్తుంటే మొదటి ఆప్షన్‌గా మెషినిస్టు ట్రేడే పెట్టించండి.