కారు అద్దాలపై కఠినజలపు మచ్చలు: కారణాలు, తొలగించే విధానం

వేలూరు, గుడియాత్తం పట్టణాలలో బోరు నీటితో కారు కడిగి ఎండలో వదిలివేస్తే, కొద్దిసేపటికే అద్దాలపై తెల్లని చుక్కలు తేలుతాయి. సబ్బుతో రుద్దినా అవి పోవు. తడిగా ఉన్నంతసేపు మాయమై, ఆరగానే మళ్ళీ ప్రత్యక్షమవుతాయి. పగటివేళ ఇది అందానికి సంబంధించిన చిన్న లోపంగానే తోస్తుంది. రాత్రివేళ పరిస్థితి వేరు. ఎదురుగా వచ్చే లారీ దీపాల కాంతి ఒక్కొక్క చుక్కపై పడి నలుదిక్కులా చెదరడంతో ముందు అద్దమంతా పాలపొర కప్పినట్లవుతుంది. రోడ్డు దాటుతున్న మనిషి ఆ పొర వెనుక కనబడకుండా పోతాడు. చెన్నై–బెంగళూరు జాతీయ రహదారిపైనా, చిత్తూరు–కాట్పాడి మార్గంలోనూ రాత్రిళ్ళు టాక్సీలు నడిపే తెలుగు డ్రైవర్లకు ఇది అనుభవంలో ఉన్న విషయమే. క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి రోగులను తీసుకుని వేకువకు ముందే వేలూరు చేరుకునే కార్లలో చిత్తూరు, తిరుపతి ప్రాంతాలవి ఎన్నో ఉంటాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 100వ నియమం ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం కాంతిని, పక్క అద్దాలు కనీసం 50 శాతం కాంతిని లోనికి రానివ్వాలని నిర్దేశిస్తున్నది. అద్దాన్ని అంత పారదర్శకంగా తయారుచేయించి, దానిపై మనమే సున్నం పూసుకోవడం విచిత్రమే.

సున్నం అన్న మాట ఇక్కడ అలంకారం కాదు. వాన నీరు గాలిలోనూ, నేలలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. అది రాతి పగుళ్ళలోకి ఇంకేటప్పుడు అక్కడి ఖనిజాల నుండి కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. వేలూరు పరిసరాలలో నేల అడుగున ఉన్నది గట్టి రాయి. భూగర్భజలం ఆ రాతి పగుళ్ళలోనే నిలుస్తుంది. పైపొరలలో సున్నపు గడ్డలు కలిసిన మట్టి ఉన్న చోట్ల నీరు మరింత కఠినమవుతుంది. పాలారు ఏడాదిలో అధికభాగం ఇసుక మేటగానే కనిపిస్తుంది. పలమనేరు వైపు నుండి దిగివచ్చి మోర్దానా జలాశయం మీదుగా గుడియాత్తం చేరే కౌండిన్య నది కూడా వర్షాధారమే. నదులు పారని నెలలలో ఊరికి బోరే గతి. బోరు ఎంత లోతుకు పోతే సాధారణంగా నీరు అంత ఎక్కువకాలం రాతిని తాకి ఉన్నదన్నమాట.

ఆ నీటిబొట్టు అద్దంపై ఆవిరైనప్పుడు బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసిపోతుంది, కాల్షియం కార్బొనేటు గట్టిపడి మిగిలిపోతుంది. గీజరు లోపల, టీ కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లని పెచ్చు కూడా ప్రధానంగా ఇదే. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ 2012లో ప్రకటించిన ఐ.ఎస్. 10500 ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదు; వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి ఉన్నది. ఆ 600 నీటినే లెక్కకు తీసుకుంటే, కడిగిన తరువాత కారుపై పావు లీటరు నీరు తుడవకుండా మిగిలితే దాదాపు 0.15 గ్రాము సున్నం మిగులుతుంది. వారానికి ఒకసారి చొప్పున ఏడాదికి అది సుమారు 8 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు తక్కువ కాదు.

ఇక్కడ మాట విషయంలో ఒక చిక్కు ఉన్నది. తెలుగువారు ‘ఉప్పు నీళ్ళు’ అన్నా, తమిళులు ‘ఉప్పుత్ తణ్ణి’ అన్నా రెండు వేర్వేరు నీళ్ళకు అదే పేరు. ఒకటి నిజంగా వంట ఉప్పు వంటి లవణాలు గల నీరు. మరొకటి కాల్షియం, మెగ్నీషియం గల కఠినజలం. తోళ్ళ పరిశ్రమల వ్యర్థాలు పాలారు పరీవాహక ప్రాంతపు నీటిని ఉప్పుమయం చేసిన చరిత్ర అందరికీ తెలిసినదే. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న ఇచ్చిన తీర్పు దేశమంతటికీ మార్గదర్శకమైంది. అయితే అద్దం విషయానికి వస్తే, వంట ఉప్పు మరక తడిబట్టతో కరిగిపోతుంది. సున్నపు మరక కరగదు. చేతిలో పట్టుకుని చూసే టి.డి.ఎస్. మీటరు ఈ రెంటికీ కలిపి ఒకే అంకె చూపుతుంది కనుక దానిని బట్టి కాఠిన్యాన్ని నిర్ణయించలేము. పాతకాలపు పరీక్ష మేలు: సగం సీసా నీటిలో స్నానపు సబ్బు చిన్న ముక్క వేసి బాగా కుదిపితే, నురుగు రాకుండా తెల్లని తెట్టు కట్టేది కఠినజలం. బట్టల పొడితో ఈ పరీక్ష పనికిరాదు, అది కఠినజలంలోనూ నురుగు ఇస్తుంది.

మచ్చలన్నీ ఒక రకానివి కావు. వారం పది రోజుల మచ్చ కేవలం అద్దంపై కూర్చున్న పెచ్చు. దానిని ఆమ్లం సులభంగా కరిగిస్తుంది. నెలల తరబడి వదిలివేసిన మచ్చలో సున్నంతో పాటు సిలికా, జిప్సం కూడా బిగుసుకుని ఉండవచ్చు. వీటిపై వెనిగర్ ప్రభావం చాలా తక్కువ. మూడవది అన్నిటికంటే కఠినమైనది. అద్దంపై నీరు పదేపదే నిలిచి ఆరుతున్నప్పుడు అద్దంలోని సోడియం నీటిలోకి జారి ఆ కొద్ది నీటిని క్షారంగా మారుస్తుంది. ఆ క్షారం అద్దాన్నే కొరుకుతుంది. అప్పుడు మచ్చ అద్దంపై ఉన్న పదార్థం కాదు, అద్దంలో పడిన గుంట. దానిని ఏ ద్రవమూ కరిగించలేదు. ఏ రకం మచ్చకు ఏ చికిత్స అన్నది తేల్చుకోకుండా మొదలుపెట్టిన పని సాధారణంగా గీతలతో ముగుస్తుంది.

పని ఉదయాన్నే, నీడలో, అద్దం చేతికి చల్లగా తగులుతున్నప్పుడు ఆరంభించాలి. వేసవిలో ఇక్కడి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వేడి అద్దంపై ఆమ్లం పనిచేసేలోపే ఆరిపోయి కొత్త మరకను మిగులుస్తుంది. ముందుగా ధారాళంగా నీళ్ళు పోసి దుమ్మును కడిగివేయాలి. ఈ మెట్టును దాటవేసేవారే ఎక్కువ. నిజానికి సున్నపు పెచ్చు అద్దం కంటే మెత్తనిది, దుమ్ములోని ఇసుకరేణువు అద్దం కంటే గట్టిది. అద్దాన్ని గీసేది మచ్చ కాదు, మచ్చను రుద్దే బట్టలో చిక్కుకున్న ఇసుక.

తరువాత కిరాణా దుకాణంలో దొరికే తెల్ల వెనిగర్‌ను సమభాగం నీటితో కలిపి గాని, మొండి మచ్చలకైతే నీరు కలపకుండా గాని వాడవచ్చు. అంతకంటే చౌకైనది నిమ్మ ఉప్పు. తమిళ దుకాణాలలో ‘ఎలుమిచ్చై ఉప్పు’ అని అడిగితే ఇస్తారు. 200 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాములు కరిగిస్తే చాలు. ఈ ద్రావణంలో ముంచిన మెత్తని నూలుబట్టను అద్దానికి అతికించినట్లు పరచి, ఐదు నుండి పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచాలి. పైన పలుచని ప్లాస్టిక్ కాగితం కప్పితే తడి నిలుస్తుంది. చిమ్మి వెంటనే తుడిచివేయడం వలన ప్రయోజనం లేదు. ఆమ్లానికి కావలసినది బలం కాదు, సమయం. ఆపైన ఆ బట్టతోనే మృదువుగా తుడిచి, పుష్కలంగా నీళ్ళు పోసి, వెంటనే పొడి మైక్రోఫైబర్ బట్టతో ఆరబెట్టాలి. ఒకసారికి పోనిది రెండవసారికి పోవచ్చు. ద్రావణం రంగుపై, రబ్బరు అంచులపై నిలవకుండా చూసుకోవాలి. కారు నిలిపిన చోట కడప బండలు పరచి ఉంటే మరింత జాగ్రత్త అవసరం: అవి సున్నపురాయి జాతివి, వెనిగర్ పడిన చోటల్లా మెరుపు చచ్చి తెల్లబడతాయి. అద్దం శుభ్రపడి నేల పాడైతే ఇంటి యజమానికి సమాధానం చెప్పుకోవలసినది అద్దెకున్నవారే.

వెనిగర్‌కు రెండుసార్లు లొంగని మచ్చకు సీరియం ఆక్సైడు పొడి వాడతారు. కళ్ళద్దాల తయారీలో, కటకాలను నునుపు చేయడంలో చిరకాలంగా వాడుకలో ఉన్న పొడి ఇది. నీటితో పలుచని ముద్దగా కలిపి, ఉన్నిదిండుతో అద్దాన్ని తడిగా ఉంచుతూ రుద్దాలి. చేతితో రుద్దితే ఒక చిన్న భాగానికే చాలాసేపు పడుతుంది. యంత్రంతో ఒకేచోట ఎక్కువసేపు రుద్దితే అద్దం వేడెక్కడమే కాక, ఆ చోట అరిగి దృశ్యం వంకరగా కనబడుతుంది. డ్రైవరు ముందున్న భాగంలో ఇది మచ్చ కంటే ప్రమాదకరం. గుంట లోతుగా ఉంటే అద్దం మార్చుకోవడమే తెలివైన పని. గిన్నెలు తోమే పీచు, గరుకు కాగితం అద్దం దగ్గరకు రానివ్వకూడదు. బ్లేడుతో గీకడం కొందరికి అలవాటు. గట్టిపరచిన పక్క అద్దాలపై అది తరచుగా సన్నని గీతలు మిగులుస్తుంది. వెనుక అద్దం లోపలివైపు ఉన్న వేడితీగలైతే ఒక్క గీకుడుకే తెగిపోతాయి.

వాటర్ వాష్ కేంద్రాలలో పనిచేసే యువకులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. త్వరగా పని ముగించాలన్న తొందరలో మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను అద్దంపై పోయడం కొన్ని చోట్ల కనిపిస్తుంది. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సున్నం క్షణంలో కరుగుతుంది, నిజమే. కానీ క్రోము పూత, అల్యూమినియం భాగాలు కూడా దానికి బలి అవుతాయి, ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అది బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అంతకంటే ప్రమాదకరమైనవి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాని, అమ్మోనియం బైఫ్లోరైడు గాని కలిసిన ద్రవాలు. ఇవి అద్దాన్నే కరిగిస్తాయి కనుక మచ్చ పోయినట్లు కనిపిస్తుంది. చర్మంపై పడితే వెంటనే నొప్పి తెలియకపోవచ్చు. గంటల తరువాత లోపలి కండను, ఎముకను తాకుతుంది. సీసాపై ఈ పేర్లున్నా, అసలు చీటీయే లేకపోయినా ఆ ద్రవాన్ని వాడనని యజమానితో చెప్పే హక్కు పనివానికి ఉన్నది. పొరపాటున పడితే నీళ్ళతో కడుగుతూనే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్ళి, ద్రవం పేరు వైద్యునికి చెప్పాలి. నిమ్మ ఉప్పుతో పనిచేసేటప్పుడు సైతం చేతి తొడుగులు, కళ్ళకు రక్షణ ఉండడం మంచిది.

మచ్చ పడకుండా చూసుకోవడంలో నీటి ఎంపికే ప్రధానం. ఇళ్ళలో ఆర్.ఓ. యంత్రం బయటికి వదిలే నీటిని వృథా చేయకూడదన్న సదుద్దేశంతో చాలామంది దానితో కారు కడుగుతారు. ఆ నీటిలో యంత్రం వడకట్టిన లవణాలన్నీ చేరి ఉంటాయి కనుక అది బోరు నీటికంటే కఠినం. ఇంటి నేల తుడవడానికి వాడుకోవచ్చు, అద్దానికి తగదు. దీనికి విరుద్ధంగా ఏ.సి. గొట్టం నుండి చుక్కలుగా కారే నీరు గాలిలోని తేమ చల్లబడి ఏర్పడినది. అందులో కాఠిన్యం దాదాపు శూన్యం. ఒక బకెట్టు పెట్టి పట్టుకుంటే చివరి కడుగుకు సరిపోతుంది. మేడపై పట్టిన వాన నీరూ అంతే. బోరు నీటిని కాచి, చల్లార్చి, పైనీటిని తేర్చుకుంటే కాఠిన్యంలో కొంత భాగం అడుగున దిగిపోతుంది గాని, కారు కడగడానికి గ్యాసు ఖర్చు చేయడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

తెల్లవారుజామున వీధిలో కార్లు కడిగే పనివారు బకెట్టు నీళ్ళతో తుడిచి, ఆరకముందే పక్క కారుకు వెళ్ళిపోతారు. వారికి ‘కణ్ణాడియె ఉడనే తుడైంగ’ అని, అంటే అద్దాన్ని వెంటనే తుడవమని, మర్యాదగా చెప్పి ఒక పొడిబట్ట ఇస్తే చాలు. తడిబట్ట, పొడిబట్ట రెండూ ఉన్నప్పుడు రెండు బకెట్ల నీటితోనే కారంతా శుభ్రపడుతుంది. గొట్టం వదిలి కడగనవసరం లేదు.

వైపరు నీటి తొట్టిని మాత్రం చాలామంది మరచిపోతారు. అందులో బోరు నీరు పోస్తే ప్రతిసారీ అద్దంపై కొత్త మచ్చలు చిమ్ముకున్నట్లే. పైగా చిమ్మే రంధ్రాలు సున్నంతో మూసుకుపోతాయి. పెట్రోలు బంకులలో బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటరు గాని, వడకట్టిన వాన నీరు గాని పోయాలి. మూసుకుపోయిన రంధ్రంపై వెనిగర్ చుక్కలు వేసి, పావుగంట తరువాత సన్నని సూదితో మెల్లగా కదిలిస్తే తెరుచుకుంటుంది.