గీతల చీటీలో నేమి వ్రాయవచ్చును?

గత సంవత్సరము మా సంఘ పాఠశాల గ్రంథాలయమునకు బార్‌కోడ్ చీటీలు అచ్చువేయించితిమి. పుస్తకముల కన్నిటికిని అంటించిన పిదప స్కానరు చూపగా ఒక్క చీటీయైనను పలుకలేదు. వానిని ఊడదీసిన శ్రమ మా కింకను జ్ఞాపకమున్నది. యంత్రమున దోషము లేదు. ఏ జాతి గీతలకు ఏవిధమైన విషయ మీయవలెనో మేము తెలిసికొనకపోవుటయే దోషము. బొమ్మనహళ్ళి బట్టల కార్ఖానాలలో పనిచేయు తల్లిదండ్రులకు ఈ చీటీలు నిత్యము కంటబడునవే గనుక, మేము నేర్చుకొన్నది వారి ముందుంచుచున్నాము.

ఈ గీతల కాదిపురుషులు అమెరికా దేశస్థులైన నార్మన్ జోసెఫ్ వుడ్లండ్, బెర్నార్డ్ సిల్వర్ అనువారు. వారికి 1952లో పేటెంటు లభించెను. తంతివార్తల చుక్కలను, గీతలను వుడ్లండ్ సముద్రతీరపు టిసుకలో వ్రేళ్ళతో క్రిందికి సాగదీసి చూచుకొనెనట! అంగడిలో మొదటి సరకు అమ్ముడైనది మాత్రము 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రమున. అదియొక చూయింగ్ గమ్ పొట్లము.

సబ్బుబిళ్ళ మీదను, బిస్కత్తు పొట్లము మీదను మనము చూచునది ఇఏఎన్-13 అను జాతి. దీనిలో అంకెలు తప్ప మరేదియు చెల్లదు. అవియు సరిగా 13 ఉండవలెను. మొదటి 12 అంకెలను మన మిత్తుము. కడపటిది లెక్కవలన వచ్చు పరీక్షాంకె. 890123456789 అను మాదిరి సంఖ్యను తీసికొందము. బేసి స్థానముల అంకెల మొత్తము 28. సరి స్థానములవి 34; దానిని మూడింతలు చేయగా 102. రెండును కలిసి 130. దీనిని పదుల గుణిజము చేయుటకు కలుపవలసినది సున్న గనుక పరీక్షాంకె 0. పొరపాటున చివరి 8, 9 అంకెలు తారుమారైనచో మొత్తము 128 అగును. అప్పుడు 2 రావలెను గనుక తప్పు బయటపడును. కాని పక్కపక్కనున్న 1, 6 వంటి, అయిదు తేడాగల అంకెలు తారుమారైనచో ఈ లెక్క పట్టుకొనలేదు. పిల్లలచేత చేయించి చూడుడు.

890తో మొదలైన సరకు భారతదేశములో తయారైనదని పలువురు తలంతురు. అది నిజము కాదు. ఆ సంఖ్య భారతదేశపు సంస్థ ద్వారా పొందబడినదని మాత్రమే దాని యర్థము. పుస్తకములకు 978 మొదట వచ్చును. పిమ్మట 81 గాని 93 గాని యున్నచో అది భారతదేశపు ప్రచురణ.

ఇక మా చీటీల కథ. మేము వాడినది కోడ్ 39. దీనిలో అంకెలు, ఇంగ్లీషు పెద్దబడి అక్షరములు, ఖాళీతో కూడ ఏడు గుర్తులు, మొత్తము 43 చెల్లును. అయితే మొదటను చివరను నక్షత్రపు గుర్తు తప్పక ఉండవలెను. సాఫ్టువేరు కొన్నిచోట్ల దానిని తానే చేర్చును. మావలె ఫాంటుతో అచ్చువేయువారు చేత చేర్చుకొనవలెను. మేము చేర్చలేదు! పైగా 0057 అను పుస్తకసంఖ్య కంప్యూటరు పట్టికలో 57గా మారిపోయినది. ఆ గడిని ముందుగా 'టెక్స్టు'గా నిర్ణయించి యుండవలసినది. ఇంటర్‌లీవ్డ్ 2 ఆఫ్ 5 అను జాతికి అంకెలు సరిసంఖ్యలో ఉండవలెను. కోడ్ 128 చిన్నబడి అక్షరములను గూడ స్వీకరించును. అంకెలను జంటలుగా ఇమిడ్చి చోటు మిగుల్చును. కాని దాని పరీక్షాక్షరము లెక్కింపబడి చేరవలెను గనుక, ఉత్త ఫాంటుతో పని జరుగదు.

విద్యార్థుల గ్రంథాలయ కార్డులకు వచ్చుసరికి అసలు చిక్కు ఎదురైనది. పైని చెప్పిన జాతులలో నేదియు తెలుగు అక్షరము నెరుగదు. బిడ్డల పేర్లను ఇంగ్లీషు పెద్దబడిలో వ్రాసి గీతలలో చేర్చుదమని కొందరు సభ్యులు సూచించిరి. మాకది రుచింపలేదు. తన పేరు తెలుగున వ్రాసికొనుటకే గదా బిడ్డ ఈ పాఠశాలకు వచ్చుచున్నది!

1994లో జపానున పుట్టిన క్యూఆర్ కోడ్‌లో తెలుగు పట్టును. యూనికోడ్ యుటిఎఫ్-8 పద్ధతిలో మన ఒక్కొక్క గుర్తుకు మూడు బైట్లు కావలెను. 'తెలుగు' అను మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, వెరసి 18 బైట్లు. అంకెలు మాత్రమైనచో 7,089 పట్టు పెద్ద చతురస్రమున బైట్లు 2,953కు మించవు. పేరునకు చోటు చాలును. కాని లక్ష్మి, లక్ష్మీ అను రెండును యంత్రమునకు వేర్వేరు మనుష్యులు. కొన్ని స్కానర్లు తెలుగును పిచ్చిగుర్తులుగా చూపుటయు కన్నాము.

కావున గీతలలో సంఖ్యయే ఉంచితిమి. సున్నలు మాయము కాకుండ 10001 నుండి మొదలిడితిమి. గీతల కిరువైపుల, సన్నగీతకు పదింతల తెల్లచోటు విడిచితిమి. పేరు మాత్రము పైన పెద్ద తెలుగక్షరములలో, బొమ్మగా అచ్చగును. దరఖాస్తులో మీరు వ్రాసిన గుణింతమే కార్డు మీద వచ్చును. దీర్ఘమైనచో దీర్ఘము తప్పక పెట్టుడు.