చక్రములమీది కాపురము



న్యూజీలాండు దేశపు దక్షిణ ద్వీపమును చూడబోవు దంపతులలో అనేకులు క్యాంపర్ వ్యానులో ప్రయాణము చేయుదురు. పడక, పొయ్యి, నీళ్ల తొట్టి అన్నియు అందులోనే యుండును. పగలు అది బండి, రాత్రి అదియే యిల్లు. ఈ ప్రయాణము కాపురమునుగూర్చి మనకేమి నేర్పునో చూతము.

1. అందమున్నచోటనే అపాయమున్నది

ఉత్తర ద్వీపమందలి వెల్లింగ్టనులో వ్యానును ఓడ యెక్కించి, సుమారు మూడున్నర గంటలలో పిక్టను రేవు చేరుదురు. అక్కడనుండి దక్షిణముగా పోవు బాట కైకోరా తీరమున కొండకును సముద్రమునకును నడుమ సాగును. ఒక ప్రక్క బండలమీద సీలు జంతువులు పండుకొని యుండును. మరియొక ప్రక్క 2,600 మీటర్లు మించిన పర్వతములు కలవు.

2016 నవంబరు 14వ తేదీన, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి, అక్కడ 7.8 ప్రమాణముగల భూకంపము వచ్చెను. ఇద్దరు మరణించిరి. కొండచరియలు విరిగి బాటను, రైలుమార్గమును కప్పెను. తీరము కొన్నిచోట్ల కొన్ని మీటర్లు పైకి లేచెను. మరుసటి యేడు డిసెంబరు వరకు ఆ బాట తెరువబడలేదు. ఆ పర్వతములను ఎత్తినవియు ఇట్టి కదలికలే. కాబట్టి చూడచక్కని చోట జాగ్రత్త మరువరాదు.

2. భయపడినవారి మాట వినవలెను

కైకోరా విడిచి, కొన్ని దినములు నైరుతిగా పోయిన టె ఆనౌ అను ఊరు వచ్చును. అక్కడనుండి మిల్‌ఫర్డ్ సౌండు అను సముద్రపు పాయకు 119 కిలోమీటర్లు. అక్కడ యేటికి ఆరు మీటర్లకు మించిన వాన కురియును. వాన వచ్చినప్పుడు నిలువు కొండలనుండి లెక్కలేనన్ని జలపాతములు దుముకును.

ఆ దారిలోనే హోమర్ సొరంగమున్నది. 1935లో దాని పని మొదలుపెట్టి, 1954లో బండ్లకు తెరచిరి. నిడివి సుమారు 1,200 మీటర్లు. 1936, 1937లలో పైనుండి జారిపడిన మంచురాశులు ముగ్గురు పనివారిని బలిగొనెను. నేడు అపాయకాలమున అధికారులు బాటను మూయుదురు. చలికాలమున చక్రములకు గొలుసులు ఉంచుకొమ్మందురు.

అయితే బాట తెరచియున్న దినమునను వాన, గాలి, అలసట ఉండును. "ఇంత దూరము వచ్చితిమి, పోదము" అని ఒకరందురు. "నాకు భయముగా నున్నది, ఆగుదము" అని మరియొకరందురు. ఎవరి మాట నిలువవలెను? ఆగుదమన్నవారిదే. ఆగినందున ఒక దినము పోవును. ఆగనందున ప్రాణమే పోవచ్చును. పిరికివారని నవ్వినయెడల, మరునాడు నిజమైన అపాయము కనబడినను వారు నోరు తెరువరు.

3. చిన్న యింటికి క్రమము కావలెను

తొట్టిలో నీళ్లు కొలతగా నుండును. ఒకరు వృథా చేసిన ఇద్దరికిని కొరత. మురుగునీటిని నియమింపబడిన చోటనే పారబోయవలెను. నెమ్మదిగా పోవు బండి, అనువైనచోట ఎడమకు తొలగి, వెనుకవారికి దారి ఇయ్యవలెను. ఒకరు బండి నడిపినప్పుడు రెండవవారు పటము చూడవలెను, నడుపువారి అలసటను కనిపెట్టవలెను. తప్పుదారి పట్టినప్పుడు నింద మోపుటకంటె బండి త్రిప్పుకొనుట మేలు.

గోడలు దగ్గరగానున్న యింట కోపమునకు దాగుచోటు లేదు. అక్కడ మాట దిద్దుకొనక నిద్రపట్టదు. పెద్ద యిండ్లలోని మనము కోపమును వేరు గదులలో దాచుకొందుము గాని, అది తీరిపోదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ యింట "ఆగుదము" అనుటకు ఇద్దరికిని స్వేచ్ఛయున్నదా?
2. మీ సహవాసి అలసటను మీరు చివరిసారి అడిగి తెలిసికొన్నదెప్పుడు?